మొగల్తూరు నుంచి వచ్చిన ఇంజను

సూరమ్మ కొంగుముడి విప్పి బల్లమీద రెండు పళ్ళు పెట్టింది.

"మా ఆయనవండి," అంది. "ఒకటి స్టేషను మెట్టుమీద దొరికింది. రెండోది కానిస్టేబులే తెచ్చిచ్చాడు, జాలిపడి."

శ్యామలాంబగారి అంబాసిడరు నడిపే చిట్టియ్య తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ పళ్ళు ఎవరివో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. ముందుపన్ను కొసన చిన్న విరుపు. పాతికేళ్ళ కిందట ముసలయ్య మేస్త్రీ గట్టి తీగ ఒకటి పంటితో పట్టి లాగబోయి విరగ్గొట్టుకున్నది. ఆ రోజు పక్కన టార్చిలైటు పట్టుకున్నవాడు చిట్టియ్యే. బండి నడపడం, బండి విప్పడం, బండిమీద జాలిపడడం, మూడూ ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. దెబ్బలూ ఆయన దగ్గరే తిన్నాడు. మొదటిసారి ఇంజను స్టార్టు చేయడానికి, బండి ముందు గుచ్చి తిప్పే ఇనప హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మెడమీద పడ్డ దెబ్బ ఇప్పటికీ చురుక్కుమంటుంది. "బొటనవేలు చుట్టూ తిప్పకురా వెధవా. నాలుగు వేళ్ళ పక్కనే పడుకోబెట్టు. ఇంజను ఎదురు తన్నిందంటే చుట్టిన వేలు హ్యాండిల్ని వదలదు. మణికట్టు చెరుకుగడ విరిగినట్టు విరుగుతుంది," అన్నాడు మేస్త్రీ. ఆ తరవాత చిట్టియ్య ఏ హ్యాండిలూ బొటనవేలు చుట్టి పట్టుకోలేదు.

"కూర్చో సూరమ్మా. మొదటినుంచీ చెప్పు," అంది శ్యామలాంబ.

రాజమండ్రి ఇన్నీసుపేటలో శ్యామలాంబగారింటికి బోర్డు లేదు, పోలీసులతో కష్టమొచ్చినవాళ్ళే వెతుక్కుని వస్తారు. ముప్పై ఒక్కేళ్ళు క్రిమినల్ కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు టైపు కొట్టి రిటైరైన మనిషి. "అబద్ధం ఎక్కడ తడబడుతుందో నా వేళ్ళకి తెలుసు," అంటుంది. కారుకి పెట్రోలు ముందు పోస్తారో వెనక పోస్తారో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. ఎదుటి మనిషి కడుపులో ఏముందో మాత్రం ఇట్టే చెబుతుంది. అందుకే ఆవిడంటే చిట్టియ్యకి అంత గురి.

సూరమ్మ చెప్పింది. రావులపాలానికి నాలుగు మైళ్ళ దూరంలో గోపాలలంక. అక్కడ బుల్లబ్బాయి అనే అరటిరైతు. అతని తండ్రి పాపాయిగారు పాతకాలపు డాడ్జి పికప్పు ఒకటి ఉంచుకుని అరటిగెలలు తోలేవాడు. ఎనభై ఆరు వరదలో బండితో సహా గోదాట్లో కొట్టుకుపోయాడు. మనిషీ దొరకలేదు, బండీ దొరకలేదు. తండ్రికి చితి పేర్చలేకపోయిన కొడుకు, అలాంటి బండినే మళ్ళీ నిలబెట్టాలని పట్టుబట్టాడు. పన్నెండేళ్ళుగా ఊరూరా తిరిగి ఒక్కో ముక్కా ఏరుకొచ్చాడు. పెరట్లో రేకులషెడ్డు వేసి, ముసలయ్య మేస్త్రీని పెట్టుకుని బిగించుకుంటూ వచ్చాడు. ఈ దసరాకి మొదటిసారి స్టార్టు చేయాలనుకున్నారు.

"అష్టమినాడు ఇద్దరికీ మాటామాటా వచ్చిందండి. 'ఇది ఉప్పు తినేసిన ఇంజను బాబూ, జీపు ఇంజను పెట్టుకుందాం' అంటాడీయన. 'ఇదే కావాలి' అంటాడాయన. ఎంత తిప్పినా దగ్గి ఆగిపోతోంది. మా ఆయన విసిగిపోయి, పానా నేలకేసి కొట్టి, 'ఈ ఇంజనే నీ చావు చూస్తుంది' అన్నాడండి, పదిమందిలో. నోరు కాదండి అది, తాటిమట్ట. మర్నాడు నవమి. పదకొండున్నరకి ఈయన షెడ్డుకి వెళ్ళేసరికి ఆ బాబు..."

శ్యామలాంబ మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది.

"తల మూడుచోట్ల పగిలిపోయిందటండి. ఈయన ఒళ్ళోకి తీసుకున్నాడు. బట్టలన్నీ నెత్తురు. పక్కన ఈయన పైపు పానా, దానికీ నెత్తురే. సీఐగారు రేపు సాయంత్రానికల్లా ఒప్పిస్తానన్నాడండి. అమ్మగారూ, అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఒప్పుకునేదాకా బతకడండి."

శ్యామలాంబ ఆ రెండు పళ్ళనీ కాగితంలో పొట్లం కట్టి సూరమ్మ చేతిలో పెట్టింది. "జాగ్రత్త చెయ్యి. చిట్టియ్యా, బండి తియ్యి."

*

షెడ్డు గుమ్మంలోనే నెత్తురు వాసన తగిలింది. రంపపుపొట్టు పోసినా చావలేదు. ఈగలు నల్లగా ముసురుతున్నాయి. మధ్యలో ఆకుపచ్చ పికప్పు, బానెట్టు తెరుచుకుని నిలబడి ఉంది. ఎడం మడ్‌గార్డుమీద మొదటి దెబ్బకి చిమ్మిన నెత్తురు దీపం రింగుదాకా చారలు కట్టింది. రెండో దెబ్బకీ మూడో దెబ్బకీ బుల్లబ్బాయి నేలమీదే ఉన్నాడు. ఎక్కడున్నాడో మట్టి చెబుతోంది. లారీలకింద పడ్డవాళ్ళని కూడా చూసినవాడే గాని, చిట్టియ్య బయటికెళ్ళి బోరింగు దగ్గర మొహం కడుక్కుని వచ్చాడు.

గోడమీద బొగ్గుతో రాసుకున్నాడు బుల్లబ్బాయి. స్టీరింగు, పెద్దాపురం. తలుపులు రెండు, మండపేట, కోళ్ళగూడుకి పెట్టుకున్నారు. సీటు స్ప్రింగులు, తణుకు. చివర, ఇంజను, మొగల్తూరు అప్పాజీ. పన్నెండేళ్ళ తిరుగుడంతా ఆ గోడమీదే ఉంది. చిట్టియ్య బండి చుట్టూ తిరిగి చూశాడు. ఒక్క నట్టు కూడా వంకరగా లేదు. అది మేస్త్రీ చేతి పని.

బుల్లబ్బాయి భార్య వీరవేణి షెడ్డు గడప బయట నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"ఆ పూజ ఎవరూ కదపలేదుగా?" అడిగింది శ్యామలాంబ.

గోడవార బల్లమీద ఆయుధపూజకి పనిముట్లు వరసగా పేర్చి ఉన్నాయి. సుత్తులు, పానాలు, ఉలి, గెలలు కోసే కత్తి, చివర బండి హ్యాండిల్. మధ్యలో ఒకచోట ఖాళీ. ముసలయ్య పైపు పానా ఉండాల్సిన చోటు అది.

"మైల కదండి. ఎవరు ముట్టుకుంటారు? పోలీసులు ఆ పానా ఒక్కటే తీసుకెళ్ళారు."

"బొట్లు నువ్వే పెట్టావా?"

"ఆయ్. పొద్దున్నే. పసుపు ముద్దపెట్టి, దానిమీద కుంకుమ. పసుపుగిన్నె లోపలికి తీసుకెళ్ళిపోయాను, కుంకుమభరిణె ఇక్కడే ఉంచాను, హారతివేళకి కావాలని. పదింటికి అమ్మవారి గుడికి వెళ్ళాను. వచ్చేసరికి..."

శ్యామలాంబ కళ్ళజోడు సవరించుకుని బల్లమీదకి వంగింది. చిట్టియ్యని పిలిచి వేలు చూపించింది. అన్నిటిమీదా పసుపు ఎండి బీటలువారి, మధ్యలో కుంకుమ అతుక్కుని ఉంది. రెండిటిమీద మాత్రం పసుపు లేదు. ఇనుముమీద ఒట్టి కుంకుమ. ఒకటి ఉలి, రెండోది హ్యాండిల్.

"ఈ హ్యాండిల్ కొస చూడు. నాకు తెలియదు, నువ్వే చెప్పాలి."

చిట్టియ్య చెయ్యి తగలకుండా మోకాళ్ళమీద కూర్చుని చూశాడు. ఇంజనుకి తగులుకునే గాడి లోపల నల్లగా ఎండిన ముద్ద, అందులో రెండు వెంట్రుకలు. లేచి నిలబడి తల ఊపాడు. "నెత్తురేనండి," అన్నాడు.

"ఇక ఇంజను. ఉలితో దానికేం పని?"

ఆ జవాబు చిట్టియ్య వెతకనే అక్కర్లేదు. ఇంజను పక్కన నంబరు ఉండేచోట తాజాగా ఉలిగాట్లు తళతళలాడుతున్నాయి. మొదటి అంకెలు చితికిపోయాయి. చివరి మూడూ మిగిలాయి. నాలుగు, ఒకటి, ఏడు.

"వీరవేణీ, నీ భర్త ఈమధ్య ఏదైనా పాత కాగితం అడిగాడా?"

ఆమె తల ఎత్తింది. "అడిగారండి. వారం కిందట మేస్త్రీగారు కిరసనాయిలుతో ఇంజను కడిగారు. ఆ సాయంత్రమే మామగారి బండి ఆర్సీబుక్కు ఎక్కడుందన్నారు. తీసిచ్చాను. జేబులో పెట్టుకునే తిరుగుతున్నారు. అప్పట్నుంచీ మనిషి మనిషిలా లేరు. ఏంటంటే పండగ వెళ్ళనీ అన్నారు."

"ఇప్పుడెక్కడుంది ఆ బుక్కు?"

"జేబులో లేదండి."

వీరవేణి అన్న సురేష్‌బాబు అప్పుడే వచ్చాడు. రావులపాలెం అరటి మార్కెట్టులో పని. మొహం ముడుచుకుని ఉంది. "ఇంకా ఏం చూస్తారండి? పట్టుకున్నారుగా. ఈ తుక్కు అమ్మేయ్ బావా అని వందసార్లు చెప్పాను. నా మాట విన్నాడా? ఇంట్లో తిండి ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో తెలియదు గాని, ఏ ఊళ్ళో ఏ బోల్టు దొరుకుతుందో తెలుసు."

"నవమినాడు పదకొండింటికి ఎక్కడున్నావు బాబూ?"

"దారిలో. మార్కెట్టునుంచి సైకిలుమీద వస్తున్నా. సాక్ష్యం లేదు. రాసుకోండి."

వీడి పొగరు చూడు, అనుకున్నాడు చిట్టియ్య. ఆ క్షణంనుంచీ సురేష్‌బాబుని కళ్ళతోనే ఉరితీస్తున్నాడు.

అరుగుమీద వచ్చిపోయేవాళ్ళకి మజ్జిగ ఇప్పిస్తున్న పెద్దాయన లేచి వచ్చాడు. తెల్లటి పంచె, నెరిసిన మీసం. పాపాయిగారి పినతండ్రి కొడుకు, బుల్లబ్బాయికి బాబాయి వరస, గణేష్‌బాబు. చావు పనులన్నీ ఆయనే చూస్తున్నాడు. నమస్కారం పెడుతుంటే కుడి మణికట్టు వంకర కనిపించింది. అలా వంకరగా అతుక్కున్న ఎముక చిట్టియ్య ఇంతకుముందూ చూశాడు, కడియం లారీషెడ్డులో. ఎక్కడెక్కడి దెబ్బలో, అనుకుని ఊరుకున్నాడు.

"ఆ చెయ్యి వరదలో పోయిందమ్మా," అన్నాడు గణేష్‌బాబు, ఆవిడ చూపు గమనించి. "గెలలు దింపేసి తునినుంచి తిరిగొస్తున్నాడు అన్నయ్య. కాజ్‌వే మీద నీళ్ళు. నేను గట్టుమీంచి అరుస్తూనే ఉన్నాను. బండి పక్కకి ఒరిగింది. దూకాను. దుంగ వచ్చి చెయ్యి విరిచింది. అన్నయ్య చెయ్యి నా చేతికి అందినట్టే అంది జారిపోయింది." కళ్ళు తుడుచుకున్నాడు. పక్కనున్న ఆడవాళ్ళు నిట్టూర్చారు. ఊరు ఊరంతా ఆయన్ని ఎలా చూస్తుందో ఆ నిట్టూర్పులోనే తెలిసింది.

"మీరూ ఆ బండి నడిపేవారా?"

"లేదమ్మా. అన్నయ్య ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. హ్యాండిల్ కూడా నేను ఒక్కనాడూ పట్టుకున్నవాణ్ణి కాను. నాకు యంత్రాలంటే భయం."

"నవమినాడు?"

"తోటలో గెలలు దింపుతున్నాం. కబురొస్తే పరిగెత్తుకొచ్చాను. ముసలయ్య ఒళ్ళో ఉన్నాడు వాడు. అంత నమ్మకంగా ఉండే మనిషి, ఇలా చేస్తాడని ఎవరనుకుంటారు?"

*

సర్కిల్ ఇన్‌స్పెక్టరు హరిబాబు కుర్చీలోంచి లేవలేదు. శ్యామలాంబ కూర్చోమనకుండానే కూర్చుంది.

"పానా ఒకసారి చూడాలి బాబూ. ముట్టుకోను."

అతను విసుక్కుంటూ తెప్పించాడు. పానా కాడ నిండా నెత్తురు. కొట్టే వైపు, దవడమీద, వీరవేణి పెట్టిన పసుపూ కుంకుమా చెక్కుచెదరకుండా గుండ్రంగా ఉన్నాయి.

"దీంతో తల మూడుచోట్ల పగలగొట్టారా? బొట్టు చెదరకుండా?"

హరిబాబు పానాని ఇటూ అటూ తిప్పి చూశాడు.

అప్పుడు చూపించాడు ముసలయ్యని. సెల్లో మూల, గోడకి చేరబడి కూర్చున్నాడు. పాదాలు వాచి నల్లబడ్డాయి. కుడిచేతి వేళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకి ఉన్నాయి. వేళ్ళమీద లాఠీ పెట్టి దానిమీద ఒకడు నిలబడ్డాడట. చిట్టియ్య ఊచలు పట్టుకుని పిలిచాడు.

"మేస్త్రీగారూ."

"ఒరే చిట్టియ్యా," అన్నాడు ముసలయ్య. పళ్ళు లేక గాలి పోతోంది. "చెయ్యి పోయిందిరా. ఆ బండి పాయింటు కొంచెం సరిచెయ్యాలి. అంతే మిగిలింది. నువ్వన్నా చూడు."

చిట్టియ్య బయటికొచ్చి కారు చాటున నిలబడి ఏడ్చాడు. సిగ్గుపడలేదు. శ్యామలాంబ కారెక్కి, అతను కళ్ళు తుడుచుకునేదాకా ఊరుకుంది.

"రేపు సాయంత్రందాకా ఆయన ఒంటిమీద చెయ్యి పడదు. హరిబాబు మాటిచ్చాడు. బొట్టు చూశాక అతనికీ నిద్ర పట్టదు. పద, మొగల్తూరు."

*

అప్పాజీ చేపల వ్యాపారం చేస్తాడు. నలభై దగ్గర వయసు. చిట్టియ్య రేడియేటర్లో నీళ్ళు పోస్తూ వింటున్నాడు.

"ఆ ఇంజనా అమ్మా? మా నాన్న బండితో సహా కొన్నాడు. బండి తుప్పుపట్టి పోయింది. ఇంజను మాత్రం రొయ్యల చెరువుకి నీళ్ళు తోడటానికి పెట్టుకున్నాం. మొన్న శ్రావణంలో ఆ బాబు వచ్చి బతిమాలితే ఇచ్చేశాం."

"ఎప్పుడు కొన్నారు?"

"ఎనభై ఆరు వరదకి నాలుగురోజుల ముందు. బాగా గుర్తు. నీళ్ళు దొడ్లోకి వస్తే చేపలబుట్టలన్నీ ఆ బండిమీదకే ఎక్కించాం."

చిట్టియ్య చేతిలో నీళ్ళ డబ్బా ఒలికిపోయింది. వరదలో కొట్టుకుపోయిన బండి వరదకి ముందే ఇక్కడెలా ఉంది?

"చిట్టియ్యా, కొబ్బరిబోండాలు పట్రా," అంది శ్యామలాంబ.

తెచ్చేసరికి మాటలు అయిపోయాయి. అప్పాజీ చొక్కా మార్చుకుని కారెక్కడానికి సిద్ధంగా ఉన్నాడు.

"అయితే పాపాయిగారే బండి అమ్ముకుని ఎటో పోయారాండి?" అడిగాడు చిట్టియ్య, ఉండబట్టలేక.

"నేనూ అదే అడిగాను. అమ్మినవాడివి ఏళ్ళతరబడి బండి నడిపిన చేతులు కావట. పాపాయి కాదు. మొహం గుర్తులేదంటున్నాడు. కాని ఒకటి గుర్తుంది." ఏమిటో చెప్పలేదు. "రావులపాలెంలో ఎవరి దగ్గరైనా పాత హ్యాండిల్ ఒకటి అరువు పట్టు. రేపు షెడ్డులో నువ్వేం చూసినా నోరు మెదపకు. దవడ వాచినట్టు ఉండు."

*

మర్నాడు పదకొండింటికి అందరూ షెడ్డులో చేరారు. హరిబాబు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, వాళ్ళ మధ్య గోనెపట్టామీద ముసలయ్య, పక్కన సూరమ్మ. వీరవేణి పూజబల్ల దగ్గర నిలబడింది. సురేష్‌బాబు తలుపుకి ఆనుకున్నాడు. గణేష్‌బాబు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నెత్తుటి హ్యాండిల్‌ని, ఉలిని హరిబాబు అప్పటికే గుడ్డలో చుట్టి తీసుకున్నాడు. ప్లగ్గుల వైర్లు చిట్టియ్య పీకేశాడు. ఇంజను తిరుగుతుంది గాని అంటుకోదు.

"ఒక్క సంగతి తేలాలి," అంది శ్యామలాంబ. "ఇంజను పనికిరాదని ముసలయ్య అన్నాడు, కాదని బుల్లబ్బాయి అన్నాడు. తగువు దానిమీదేగా. తలా ఒకసారి తిప్పి చూడండి. బాబూ, ముందు మీరు."

హరిబాబు అరువు హ్యాండిల్ గాడిలో పెట్టి, కర్రసాము కర్ర పట్టినట్టు పిడికిలి బిగించి తిప్పాడు. బొటనవేలు చుట్టూ తిరిగింది. చిట్టియ్య నాలుక కొరుక్కున్నాడు. సురేష్‌బాబు వచ్చి తిప్పాడు. వాడి బొటనవేలూ చుట్టూనే. వీడికి హ్యాండిల్ అంటే తెలియదు, అనిపించింది చిట్టియ్యకి.

"మీరూ ఒకసారి," అంది శ్యామలాంబ గణేష్‌బాబుతో.

"నాకు ఇవేం తెలుసమ్మా."

"వాళ్ళకి మాత్రం తెలుసా? పోయినవాడికోసం ఒక్కసారి."

ఊరి పెద్ద, అందరూ చూస్తున్నారు. గణేష్‌బాబు లేచి, పంచె ఎగ్గట్టి, వంగి హ్యాండిల్ పట్టుకున్నాడు. నాలుగు వేళ్ళూ కిందనుంచి. బొటనవేలు వాటి పక్కనే, ఒద్దికగా పడుకుని ఉంది.

మూలనుంచి ముసలయ్య గొణిగాడు. "పట్టు తెలిసినోడు."

"వదలకండి, అలాగే ఉంచండి," అంది శ్యామలాంబ. "హరిబాబూ, మీ వేలు ఎక్కడ పెట్టారు? సురేష్‌బాబు ఎక్కడ పెట్టాడు? హ్యాండిల్ ఎరగనివాళ్ళు అలాగే పట్టుకుంటారు. బొటనవేలు బయట పెట్టేది ఇద్దరే. మేస్త్రీ నేర్పినవాడు ఒకడు, ఇంజను తన్ని నేర్పినవాడు ఇంకొకడు. ఒక్కనాడూ హ్యాండిల్ పట్టుకోలేదన్నారు మీరు. మరి ఎవరు నేర్పారు?"

గణేష్‌బాబు నవ్వబోయాడు. "చెయ్యి వంకరమ్మా. అది వంగదు."

"నమస్కారం పెట్టినప్పుడు వంగిందే. కళ్ళు తుడుచుకున్నప్పుడూ వంగింది." ఆవిడ గొంతు పెంచలేదు. "బుల్లబ్బాయి ఈ ఇంజనే ఎందుకు కావాలన్నాడు? మట్టి కడిగాక నంబరు బయటపడింది కాబట్టి. పాత ఆర్సీబుక్కులో ఉన్న నంబరే. రవాణా ఆఫీసు రిజిస్టరులో నిన్న వెతికించాను. చివర నాలుగు, ఒకటి, ఏడు. ఇది పాపాయిగారి ఇంజను. గోదాట్లో కొట్టుకుపోయిన బండి ఇంజను మొగల్తూరులో పొడిగా ఎలా ఉంది? కొట్టుకుపోవడం కళ్ళారా చూశానన్నది ఒకే ఒక్కరు. పిచ్చి బుల్లబ్బాయి పోలీసు దగ్గరికి వెళ్ళలేదు. బాబాయి కదా, ముందు బాబాయినే అడుగుదామనుకున్నాడు. నవమినాడు ఇల్లంతా గుడికి వెళ్ళాక పిలిచాడు. నంబరు చూపించడానికి ఇంజనుమీదకి వంగాడు. పూజలోంచి హ్యాండిల్ తీసి తలమీద ఒకటి. పడ్డాక ఇంకా రెండు."

వీరవేణి పూజబల్ల అంచు పట్టుకుంది.

"ఉలితో నంబరు కొట్టారు. మొత్తం చెరిపేంత తీరిక లేకపోయింది. ఆర్సీబుక్కు జేబులోంచి లాగి, రెండు పనిముట్లూ బోరింగు దగ్గర కడిగి పూజలో పెట్టారు. మేస్త్రీ పానాకి నెత్తురు పూసి పడేశారు. అక్కడితో వెళ్ళిపోయి ఉంటే నాకూ తెలిసేది కాదు. కాని బొట్టులేని పనిముట్టు పూజలో ఉంటే హారతి వేళకి ఇంటి ఇల్లాలి కళ్ళే మొదట పడతాయి. మీకు ఆ సంగతి తెలుసు. అందుకని బొట్టు పెట్టారు. పసుపు ఇంట్లో ఉంది, కుంకుమే దొరికింది. ముసలయ్యకి నంబరుతో పనేంటి? ఆయనకి అది ఉట్టి అంకె." ఆవిడ తలుపు వైపు చూసింది. "అప్పాజీ, రా."

అప్పాజీ లోపలికి వచ్చి గణేష్‌బాబు మొహం వైపు చూడనే లేదు. చెయ్యి చూశాడు. "ఇదేనండి. బండి బాగుందని చూపించడానికి మా దొడ్లో హ్యాండిల్ కొట్టాడు. ఎదురు తన్నింది. ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది. మా నాన్నే వెదురుబద్దలు పెట్టి కట్టాడు. మణికట్టు లోపలివైపు మచ్చ ఉండాలి."

మరుక్షణం గణేష్‌బాబు హ్యాండిల్ ఊడబెరికి అప్పాజీ తలమీదకి తిప్పాడు. చిట్టియ్య మధ్యలోకి దూరాడు, ఆలోచించి కాదు. ఇనుము భుజంమీద పడింది. ఎముక పుటుక్కుమనడం తన చెవులకే వినబడింది. మోకాళ్ళమీద పడిపోతూ, రెండో దెబ్బకి లేచిన హ్యాండిల్‌ని చూశాడు. అది దిగేది తన తలమీదే.

వీరవేణి పూజలోంచి గెలల కత్తి లాగింది. మొండివైపు తిప్పి, రెండు చేతులతో, ఆ వంకర మణికట్టుమీద కొట్టింది. హ్యాండిల్ మడ్‌గార్డుకి తగిలి గణగణమంటూ దొర్లింది. గణేష్‌బాబు పశువులా అరిచి కూలబడ్డాడు. ఆమె ఈసారి పదునువైపు తిప్పింది. కానిస్టేబుళ్ళు అందుకునేలోగా పైకెత్తింది.

"వీరవేణీ," అంది శ్యామలాంబ. "ఆ కత్తికి నువ్వే బొట్టు పెట్టావు."

కత్తి గాలిలోనే ఆగిపోయింది. తరవాత ఆమె దాన్ని బల్లమీద దాని చోటే పెట్టి, నేలమీద కూర్చుని, పోయిన గొంతుతోనే మళ్ళీ ఏడ్చింది.

"పదిమంది కూలీలముందు అన్నయ్య నన్ను చెంపమీద కొట్టాడు," అన్నాడు గణేష్‌బాబు, ఎవరూ అడగకుండానే. "లంక గట్టు దగ్గర తగువు. చేతిలో గెలల కత్తి ఉంది. సాయంత్రం కూలీలు వెళ్ళాక... అరటిబోదెల కింద పూడ్చాను. తుని వెళ్ళాడని చెప్పాను. మర్నాడు బండి అమ్మి, విరిగిన చెయ్యి ఊళ్ళో ఎవరికీ కనబడకుండా తిరిగాను. వారం తిరక్కుండా వరదొచ్చి ఆ లంకనే తీసుకుపోయింది. దేవుడే నావైపు ఉన్నాడనుకున్నాను." హరిబాబు అతని చేతులకి బేడీలు వేయబోయి, విరిగిన చెయ్యి చూసి తనే గుడ్డ కట్టాడు. ముసలయ్య వైపు చూడలేకపోయాడు. ఆ వేళ్ళు విరిచింది తన స్టేషనే. శ్యామలాంబ హరిబాబు మీద ఫిర్యాదు అప్పటికే టైపు కొట్టి కారులో ఉంచింది.

*

పెద్దకర్మ అయిన మర్నాడు వీరవేణి కబురు పెట్టింది. షెడ్డు కడిగి సున్నం వేయించింది. గోడమీద బొగ్గురాతలు మాత్రం చెరపనివ్వలేదు.

ముసలయ్య స్టూలుమీద కూర్చున్నాడు. కుడిచెయ్యి మోచేతిదాకా కట్టు. రెండు వేళ్ళు ఇక వంగవని డాక్టరు చెప్పాడు. పానా పట్టుకోలేడు. చిట్టియ్య ఎడమచేత్తో, ప్లగ్గులకి కరెంటు పంపే పాయింటు సరిచేశాడు, కుడిచెయ్యి మెడకి వేలాడుతోంది. గురువు తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతూనే ఉన్నాడు. అవి వింటుంటే చిట్టియ్యకి ప్రాణం లేచొచ్చింది.

"ఇప్పుడు తిప్పేదెవరు?" అన్నాడు సురేష్‌బాబు. "మీ గురుశిష్యులిద్దరికీ కలిపి చేతులు రెండే ఉన్నాయి."

వీరవేణి కొంగు నడుముకి చుట్టి బండి ముందుకొచ్చి వంగింది.

"ఆగమ్మా," అన్నాడు ముసలయ్య. "బొటనవేలు బయట పెట్టు. నాలుగు వేళ్ళ పక్కనే పడుకోబెట్టు. అది తన్నినా సరే, నిన్ను వదిలేస్తుంది."

ఆమె వేలు తీసి పక్కన పెట్టింది. ఒకసారి తిప్పింది. రెండోసారికి ఇంజను దగ్గింది. మూడోసారి హ్యాండిల్ ఎదురు తన్నింది, ఆమె చేతిలోంచి ఊడి విసురుగా వెనక్కి తిరిగింది. ఆమె చెయ్యి చెక్కుచెదరలేదు. అరచెయ్యి చూసుకుని, పళ్ళు బిగించి, మళ్ళీ పట్టుకుంది.

నాలుగోసారికి అంటుకుంది. షెడ్డు రేకులన్నీ అదిరాయి. వీధిలో అరటిగెలలు మోసుకెళ్ళే ముసలికూలీ ఒకడు గెల కింద దింపి, గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చాడు.

"పాపాయిగారొచ్చారా?" అన్నాడు.

వీరవేణి అతని వైపు తిరిగింది. కళ్ళు తుడుచుకోలేదు.

"ఆయ్," అంది. "వచ్చారు. వాళ్ళబ్బాయి తీసుకొచ్చాడు."